మూకుడు నుంచి ఆకాశం దాకా ఒకే మాట

(ఒక పట్టణ గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను.

నాది దుబాసీ పని. చీమకుర్తిలో తవ్విన నల్ల గ్రానైటు ఓడలెక్కి చైనాలోని షియామెన్ రేవుకు చేరుతుంది. అక్కడ కొనేవాళ్లకు తెలుగు రాదు, ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లకు చైనీసు రాదు. మధ్యలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేర్చాలి. పద్నాలుగేళ్లు ఆ పనే చేశాను. కొలతలు, ధరలు, పగుళ్లు, గడువులు, వీటిని చేర్చడం ఏమంత కష్టం కాదు. నన్ను కష్టపెట్టింది ఒకే ఒక్క మాట. ఈ రోజు దాని గురించే చెబుతాను. ఒక్క మాట మీద ఇంతసేపా అనుకోకండి. వంట దగ్గర మొదలుపెట్టి భూకంపాల మీదుగా ఒక జైలు గది దాకా వెళ్లాలి మనం.

ఒకసారి పని మీద దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ నగరానికి వెళ్లాను. రాత్రి తొమ్మిది దాటింది. సందు మలుపులో చిన్న భోజనశాల ఒకటి కనిపించింది, పొయ్యి బయటికే ఉంది. ఆ మంట మన ఇళ్లలో గ్యాసు పొయ్యి మంటలా నిదానంగా ఉండదు. హోరుమని మోగుతుంది. దాని మీద గుండ్రటి అడుగున్న ఇనుప మూకుడు, ఏళ్ల తరబడి నూనె పట్టి నల్లగా నిగనిగలాడుతోంది. వంటాయన గుడ్డు కొట్టి పోశాడు, చల్లారిన అన్నం వేశాడు, ఉల్లికాడలు చల్లాడు. ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో మూకుడు. అన్నం మొత్తం గాలిలోకి లేస్తోంది, మళ్లీ అందులోనే పడుతోంది. మూకుడు అంచున నూనె తుంపరలు భగ్గున అంటుకుని అంతలోనే ఆరిపోతున్నాయి. పొట్లం కట్టి ఇవ్వమని అడిగాను. ఆయన తలెత్తి చూశాడు. ‘ఇక్కడే తినండి. మీరు బస చేరేలోపు హే పోతుంది’ అన్నాడు.

ఏం పోతుందట? వేడి పోతుందని అనలేదు, రుచి పోతుందనీ అనలేదు. హే పోతుందన్నాడు. అక్కడే ప్లాస్టిక్ పీట మీద కూర్చుని తిన్నాను. నాలుక కాలేంత వేడి, ఆ వేడిలో కమ్మటి కమురు వాసన ఒకటి. మాడు వాసన వేరు, ఇది వేరు. నాలుగైదు నిమిషాలు గడిచేసరికి అది నిజంగానే తగ్గిపోయింది. అన్నం ఇంకా వెచ్చగానే ఉంది, ఆ వాసన మాత్రం లేదు.

దాన్ని కాంటనీస్ వాళ్లు, అంటే ఆ ప్రాంతపు భాష మాట్లాడేవాళ్లు, ‘వొక్ హే’ అంటారు. వొక్ అంటే ఆ మూకుడు. మరి హే? ఇంగ్లీషులో దాన్ని మూకుడు ఊపిరి అని రాస్తుంటారు. అందమైన అనువాదమే, కాదనను. శాస్త్రజ్ఞులు ఈ వంటను కూడా వదిలిపెట్టలేదు. అమెరికాలో జార్జియా టెక్ పరిశోధకులు తైవాన్, చైనా వంటవాళ్లు అన్నం ఎగరేయడాన్ని వీడియో తీసి, కొలిచి, 2020లో లెక్క ప్రచురించారు. మూకుడు సెకనుకు సుమారు 2.7 సార్లు ఊగుతుందట. అంత వేగంగా ఎగరేస్తే మెతుకుకు మంట సెగ తగులుతుంది, మాడేలోపే పైకి లేస్తుంది, లేచినచోట కాస్త చల్లబడుతుంది. మా వంటాయనకు ఈ లెక్క తెలిసి ఉండదు. ఆయన భుజానికి మాత్రం తెలుసు.

ఇప్పుడు ఆ హే సంగతి. రాతలో అది ఒక అక్షరం. ఆ ఒక్క అక్షరాన్ని గ్వాంగ్‌జౌలో హే అంటారు, బీజింగ్‌లో చీ అంటారు, జపాన్‌లో కి, కొరియాలో గి, వియత్నాంలో ఖి. పలుకుబడి మారుతుంది, మాట ఒకటే. నేను ఇక్కడ చీ అనే అంటాను. మనం అసహ్యించుకున్నప్పుడు అనే మాటతో దయచేసి కలపకండి, దానికీ దీనికీ సంబంధం లేదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, చాలామంది పొరపడతారు. పార్కుల్లో మెల్లమెల్లగా చేతులు కదిలిస్తూ చేస్తారే, తాయ్ చీ, అందులోని చీ ఇది కాదు. అది వేరే అక్షరం, పరమావధి అని దాని అర్థం.

మరి ఈ చీ అంటే ఏమిటి? నిఘంటువు తెరిస్తే గాలి, ఆవిరి, ఊపిరి, వాసన, వాతావరణం, కోపం, బలం, ధైర్యం, ప్రాణశక్తి అని వరుసగా ఉంటాయి. ఒక్కో వాక్యంలో ఒక్కోటి. వాతావరణాన్ని తియెన్ చీ అంటారు, ఆకాశపు చీ. ఒంట్లో బలం లీ చీ. కోపం వస్తే షెంగ్ చీ, అంటే చీ పుట్టింది అని. విచిత్రం చూడండి, ఆ షెంగ్ చీ అనే జోడీకే జీవకళ అనే అర్థమూ ఉంది. తోట కళకళలాడుతుంటే అదీ షెంగ్ చీ, మనిషి మండిపడుతుంటే అదీ షెంగ్ చీ.

దీంతో నేను పడ్డ తంటా ఒకటి చెబుతాను. ఒక సరుకులో కొన్ని పలకలకు సన్నటి పగుళ్లు వచ్చాయి. మన వైపు నుంచి వచ్చిన పెద్దాయన బల్ల గుద్ది మాట్లాడుతున్నాడు. ఎదుటి వ్యాపారి వయసులో ఇంకా పెద్దవాడు. టీ పోసి ముందుకు జరిపి మెల్లగా నాలుగు ముక్కలు అన్నాడు. ‘చీ దా షాంగ్ షెన్.’ మన పెద్దాయన నా వైపు తిరిగాడు.

‘ఏమంటున్నాడమ్మా?’

‘కోపం ఎక్కువైతే ఒంటికి చేటు అంటున్నారండీ.’

‘నా ఒళ్లు సంగతి ఆయనకెందుకు? రాయి సంగతి చెప్పమను.’

నేను చెప్పింది తప్పా? తప్పు కాదు. కానీ సరిపోలేదు. ఆ పెద్దమనిషి ఆరోగ్య సలహా ఇవ్వలేదు, వెటకారమూ చేయలేదు. మీలో ఏదో పొంగి దారి దొరక్క గుద్దుకుంటోంది, దాన్ని నెమ్మదించనివ్వండి, తర్వాత మాట్లాడుకుందాం, అని టీ పోశాడు. కోపం అనే మాట వేసేసరికి ఆ పొంగు అంతా పోయింది, నీతిబోధ మిగిలింది. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ మాటను మొదటి నుంచి చదవాలని అప్పుడే అనుకున్నాను.

అక్షరంతో మొదలుపెట్టాను. పాత పద్ధతిలో చీ అని రాస్తే పైన ఆవిరి తెరలు, కింద బియ్యం ఉంటాయి. బియ్యం అక్షరం నిజంగానే అందులో ఉంది. అందుకని ఎవరిని అడిగినా ఒకటే చెబుతారు, ఉడుకుతున్న అన్నం మీద లేచే ఆవిరి అండీ, అదే చీ, అని. ఎంత బాగుంది! నేనూ చాలా ఏళ్లు అందరికీ అదే చెప్పాను. కానీ పాత ఆధారాలు చూస్తే కథ అలా లేదు.

చైనాలో ఆన్‌యాంగ్ అనే చోట దొరికిన ఎముకల మీది రాతలు మూడు వేల ఏళ్ల కిందటివి. వాటిలో ఈ అక్షరం మూడు అడ్డగీతలే. బియ్యం లేదు. అదీ అక్కడ ఆవిరి అనే అర్థంలో వాడలేదు, అడుక్కోవడం, ఫలానా సమయం దాకా అనే మాటలకు ఎరువు తెచ్చుకుని వాడారు. తర్వాత క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ అనే పండితుడు అక్షరాల నిఘంటువు ఒకటి కూర్చాడు. ఆయన రెండు అక్షరాలను విడివిడిగా ఇచ్చాడు. బియ్యం లేనిదానికి మబ్బు ఆవిరి అని అర్థం రాశాడు. బియ్యం ఉన్నదానికి ఏం రాశాడో తెలుసా? అతిథికి పంపే బియ్యం, మేత. మనిషికి బియ్యం, అతను ఎక్కివచ్చిన పశువుకు మేత.

మీలో పెద్దవాళ్లకు వెంటనే తట్టి ఉంటుంది. ఏమంటాం మనం దాన్ని? అవును, స్వయంపాకం! ఇంటికి వచ్చినవాళ్లు మన వంట తినరనుకుంటే బియ్యం, పప్పు, కూరలు పళ్లెంలో పెట్టి ఇస్తామే, అది. ఒకే ఆచారం కాదు, నిజమే. పోలిక మాత్రం నన్ను వదల్లేదు. కాలక్రమంలో ఆ బియ్యం అక్షరాన్ని ఆవిరి కోసం వాడడం మొదలుపెట్టారు, స్వయంపాకం కోసం ఇంకో అక్షరం తయారుచేసుకున్నారు. 1956లో చైనా ప్రభుత్వం అక్షరాలను సులువు చేసినప్పుడు బియ్యం తీసేసింది. తైవాన్‌లో, హాంగ్‌కాంగ్‌లో బియ్యం ఇంకా ఉంది. బియ్యం తీసేసి అక్షరాన్ని చంపారని బాధపడేవాళ్లను చూశాను. వాళ్లకు తెలియనిది ఏమిటంటే, బియ్యం లేని రూపమే పాతది.

అలాగైతే అన్నానికీ చీకీ సంబంధం లేదనుకోవాలా? లేదు, ఉంది. అక్షరంలో కాకపోతే ఆలోచనలో ఉంది. చైనా వైద్యానికి మూలగ్రంథం అనదగ్గ పాత పుస్తకంలోనే మనిషికి చీ ధాన్యం నుంచి వస్తుందని ఉంది. తిన్న ధాన్యం కడుపులోకి పోతుంది, అక్కడి నుంచి సారం ఊపిరితిత్తులకు అందుతుంది, ఒళ్లంతా తిరుగుతుంది. తిండి నుంచి వచ్చేదాన్ని ధాన్యపు చీ అనే అంటారు. అన్నమయ కోశం, దాని లోపల ప్రాణమయ కోశం అని తైత్తిరీయోపనిషత్తులో చదివినవాళ్లకు ఇది మరీ కొత్తగా అనిపించదు.

ఇంకా దగ్గరి సంగతి చెబుతాను, ఇది మన వంటింటిదే. అక్కడి మందుల శాస్త్రంలో ప్రతి దినుసుకూ ఒక చీ ఉంటుంది. నాలుగు రకాలు: చలువ, బాగా చలువ, వెచ్చన, వేడి. చేత్తో ముట్టుకుంటే తెలిసే వేడి కాదు ఇది. లిచీ పళ్లు వేడి, పుచ్చకాయ చలువ. పెసలు? మీరే చెప్పండి. చలువ కదా! వాళ్లకూ చలువే. ఎండాకాలం వస్తే అక్కడి ఇళ్లలో పెసలు ఉడికించి ఆ నీళ్లు చల్లార్చి తాగుతారు. షియామెన్‌లో మా ఇంటి యజమానురాలు నాకు మొదటిసారి ఆ గిన్నె ఇచ్చి ఒంటికి మంచిదని చెబుతుంటే, మామిడిపళ్లు వేడి చేస్తాయి, మజ్జిగ చలువ చేస్తుంది అని మా అమ్మమ్మ చెప్పినట్టే ఉంది. నిఘంటువు సాయం లేకుండా నాకు అర్థమైన మొదటి చీ అది. మనకు ఆ భావన ఉంది, దానికి పేరు పెట్టలేదు. వేడి చేస్తుంది అంటాం. ఏది చేస్తుంది? ఆ కర్తకు వాళ్లు పేరు పెట్టారు.

సరే, వంటింటి నుంచి బయటికి వద్దాం. క్రీ.పూ. 780లో చైనా పడమటి ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. మూడు నదుల ప్రాంతం కంపించింది. అప్పటి రాజాస్థానంలో బో యాంగ్‌ఫూ అనే పెద్దాయన కారణం చెప్పినట్టు పాత చరిత్ర గ్రంథంలో ఉంది. భూమ్యాకాశాల చీ తన వరస తప్పింది అన్నాడు. చీలో రెండు పక్షాలు, వెచ్చగా పైకి లేచేది యాంగ్, చల్లగా కిందికి దిగేది యిన్. పైకి లేవాల్సిన యాంగ్ కింద చిక్కుకుంది, యిన్ దాన్ని అణచిపెట్టింది, బయటికి రాలేక కదిలింది, అదే భూకంపం. దేవుడి కోపం అనలేదు చూడండి. మూత బిగుసుకున్న కుండలో ఆవిరి ఏం చేస్తుందో అదే భూమి లోపల జరిగిందన్నట్టు మాట్లాడాడు. ఇందువల్ల రాజ్యం పోతుందని కూడా అన్నాడు, అది వేరే సంగతి. ఆవిరిని గమనించిన కళ్లతోనే భూకంపాన్నీ చూడడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆ తర్వాత సృష్టి కథ. క్రీ.పూ. 139లో హాన్ చక్రవర్తికి సమర్పించిన ఒక గ్రంథంలో ఉంది. మొదట అంతా కలగలిసి ఉంది. దాంట్లో నుంచి చీ పుట్టింది. తేలికగా, తేటగా ఉన్నది పైకి లేచి ఆకాశమైంది. బరువుగా, మడ్డిగా ఉన్నది కిందికి దిగి పేరుకుని భూమి అయింది. తేట త్వరగా కూడుతుంది, మడ్డి గట్టిపడడానికి ఆలస్యమవుతుంది, అందుకే ఆకాశం ముందు, భూమి తర్వాత. గోదావరి వరద నీళ్లు బిందెలో పట్టి పెట్టినవాళ్లెవరికైనా ఇది వివరించాల్సిన పని లేదు. తెల్లారేసరికి పైన తేట, అడుగున మడ్డి. మధ్యలో గీత గీసినట్టు ఉండదు, చూశారా? ఎక్కడ తేట అయిపోయి ఎక్కడ మడ్డి మొదలైందో చెప్పలేం. చీ సంగతీ అంతే. ఆకాశం ఒక పదార్థం, భూమి మరొక పదార్థం కావు. రెండూ చీయే.

మనిషి కూడా అంతే అన్నాడు జువాంగ్‌జీ అనే పాత చైనా తత్వవేత్త. చీ కూడితే బతుకు, చెదిరితే చావు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో వాంగ్ చోంగ్ ఇంకా సూటిగా చెప్పాడు. నీళ్లు గట్టిపడితే మంచు అవుతుంది, చీ గట్టిపడితే మనిషి అవుతుంది. మంచు కరిగి నీళ్లయినట్టు మనిషి చనిపోయి మళ్లీ చీ అవుతాడు. దయ్యాలు లేవని వాదించడానికి ఆయన ఈ మాట వాడుకున్నాడు. వెయ్యేళ్ల తర్వాత జాంగ్ జాయ్ అనే తత్వవేత్త కూడా ఇదే మంచు పోలిక తీసుకుని, శూన్యం అనుకునేది కూడా ఖాళీ కాదు, అదీ చీయే అన్నాడు.

మరి మనం దీన్ని ఏమనాలి? పదార్థమా, శక్తా? నన్ను చాలామంది ఇదే అడుగుతారు. ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రం చదువుకున్నాం కాబట్టి ఆ రెండు గదులూ మన బుర్రలో సిద్ధంగా ఉంటాయి, వచ్చినదాన్ని ఏదో ఒక గదిలో పెట్టాలి. చీని పెట్టబోతే సగం ఈ గదిలో, సగం ఆ గదిలో ఉంటుంది. గుమ్మంలో నిలబడిపోతుంది.

చుట్టుపక్కల దేశాలకు వెళ్లి ఈ మాట ఏం చేసిందో కొంచెం చూద్దాం. జపాన్‌లో పలకరింపే దీనితో. గెంకిగా ఉన్నారా అని అడుగుతారు, మూల చీ బాగుందా అని. జబ్బు చేస్తే బ్యోకి, జబ్బు చీ. కరెంటు దెంకి, మెరుపు చీ. ఏదైనా నచ్చితే అది నా ‘కి’ లోపలికి ప్రవేశించింది అంటారు. ముక్కోపిని కి పొట్టివాడు అంటారు. కొరియాలో జలుబు గమ్‌గి, చీ సోకింది అని. మన పల్లెల్లో గాలి సోకింది అనడం గుర్తొచ్చిందా? నాకూ గుర్తొచ్చింది. మనం దాన్ని దయ్యాలకు వదిలేశాం, వాళ్లు జలుబుకు పెట్టుకున్నారు. వియత్నాంలో పొయ్యిలో వెలిగే గ్యాసు కూడా ఖి. చైనాలోనూ అంతే. ఆక్సిజన్, హైడ్రోజన్, నైట్రోజన్, హీలియం, ఈ వాయువులకు అక్షరాలు కల్పించుకోవాల్సి వచ్చినప్పుడు, ప్రతి అక్షరం మీదా గొడుగు పట్టినట్టు చీని పెట్టుకున్నారు. అంటే గ్వాంగ్‌జౌ సందులో పొయ్యి కింద మండేదీ చీయే, మూకుడులో నుంచి లేచేదీ చీయే.

ఇక్కడ మన దేశానికి సంబంధించిన ముక్క ఒకటి ఉంది, దాని మీద కొంచెం ఆగుతాను. బౌద్ధం చైనాకు వెళ్లినప్పుడు మన మాటలు గుట్టలుగా వెళ్లాయి. క్రీ.శ. 148లో అప్పటి చైనా రాజధాని లోయాంగ్ చేరిన ఆన్ షిగావ్ తొలి అనువాదకుల్లో ఒకడు. ఆనాపానం, ఊపిరి పీల్చి వదిలే ధ్యానం, దాని గురించి చెప్పాల్సి వచ్చింది. ఊపిరికి చీ అనే మాట చేతిలోనే ఉంది. అయినా పేరులో అది వేయలేదు. ఆనాపానాన్ని ఆన్‌బాన్ అని శబ్దంతోనే ఉంచేశారు. ఇంకా పెద్ద సంగతి. పృథివి, అప్పు, తేజస్సు, వాయువు అనే నాలుగు మహాభూతాలను అనువదించారు. నేల, నీరు, నిప్పు. వాయువుకు ఏం వేశారు? చీ వేయలేదు. ఫెంగ్ వేశారు, వీచే గాలి.

ఎందుకు వేయలేదు? నా ఊహ చెబుతాను. చీని నాలుగింటిలో ఒకటి అనడం వాళ్ల చెవికి వింతగా ఉండి ఉంటుంది. నేలా, నీరూ, నిప్పూ అన్నీ చీ అయినప్పుడు, వాటి పక్కన చీని నాలుగోదిగా ఎలా నిలబెడతారు? ఇల్లు, వాకిలి, తలుపు, ఇటుక అని వరుసగా చెప్పినట్టు ఉంటుంది. ఆ పాత అనువాదకులను తలుచుకుంటే నాకు దండం పెట్టాలనిపిస్తుంది. సిద్ధంగా ఉన్న మాటను వాడకుండా వదిలిపెట్టడం ఎంత కష్టమో ఈ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత ఇటలీ నుంచి క్రైస్తవ మతగురువు మత్తేయో రిచ్చీ వచ్చాడు. మహా మేధావి, చైనీసులో గ్రంథాలు రాశాడు. ఆయన దగ్గరా నాలుగు మూలకాలే ఉన్నాయి, గ్రీకులవి. నిప్పు, గాలి, నీరు, నేల. గాలి దగ్గర ఆయన నిస్సంకోచంగా చీ వేశాడు. అక్కడితో ఆగలేదు. 1603లో అచ్చయిన పుస్తకంలో చైనా పండితులను ప్రశ్నించాడు. చీయే ప్రాణమని మీరంటున్నారు, మనిషి చచ్చిపోయాక కూడా లోపలా బయటా చీ నిండే ఉంటుంది కదా, మరి మనిషి ఎందుకు చచ్చిపోయినట్టు? తర్కం గట్టిదే. కానీ ఆయన అడుగుతున్నది గాలి గురించి. వాళ్లు చెబుతున్నది గాలి గురించి కాదు. ఒకే అక్షరాన్ని మధ్యలో పెట్టుకుని రెండు వేరువేరు సంగతులు మాట్లాడుకున్నారు. గ్రానైటు బల్ల దగ్గర నేను చేసింది గుర్తుందా? నేనూ కోపం అనే ఒక్క మాట వేసి ఆ పొంగునంతా పోగొట్టాను. రిచ్చీని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

చివరగా జైలు గది. ఈ ఒక్కటి చెప్పి ఆపుతాను.

వెన్ తియెన్‌షియాంగ్ దక్షిణ సోంగ్ రాజ్యానికి మంత్రి. మంగోలులు ఆ రాజ్యాన్ని గెలిచారు, ఆయన్ను పట్టుకుని 1279లో ఇప్పటి బీజింగ్‌కు తెచ్చారు. కొలువులో చేరితే పదవి ఇస్తామన్నారు. చేరనన్నాడు. ఖైదులో ఉండగా 1281లో ఒక పద్యం రాశాడు. చైనాలో ఇప్పటికీ దాన్ని బడిలో చదువుకున్నవాళ్లు కనిపిస్తారు. నేను దాన్ని తెలుగు చేద్దామని కూర్చున్నాను. పద్యానికి ముందు వచనంలో చిన్న పీఠిక ఉంది, అక్కడే ఆగిపోయాను.

ఆ పీఠికలో ఆయన తన గదిని వర్ణిస్తాడు. వెడల్పు ఎనిమిది అడుగులు. ఒకే తలుపు, అదీ పొట్టిది. వెలుతురు రాదు. ఎండాకాలంలో రకరకాల చీలు అక్కడ పోగవుతాయంటాడు. వాన పడితే నలుమూలల నుంచి నీళ్లు వచ్చి మంచాన్ని తేలుస్తాయి, అది నీటి చీ. బురద సగం ఎండి బుడగలు లేస్తుంది, అది మట్టి చీ. ఒక్కసారిగా ఎండ కాస్తే గాలి ఆడక ఉక్కిరిబిక్కిరవుతుంది, అది ఎండ చీ. చూరు కింద కట్టెలు పెట్టి వంట చేస్తే ఆ సెగ తోడవుతుంది, అది నిప్పు చీ. గోదాములో ధాన్యం ముక్కిపోయి కంపు కొడుతుంది, అది బియ్యపు చీ. భుజాలు రాసుకుంటూ మనుషులు, చెమట, మురికి, అది మనుషుల చీ. మరుగుదొడ్లు, శవాలు, కుళ్లిన ఎలుకలు, అది మలినపు చీ. ఇవన్నీ కలిస్తే జబ్బు పడనివాళ్లు తక్కువ. నేను బక్కవాణ్ని, రెండేళ్లుగా ఇందులో ఉన్నాను, నాకేమీ కాలేదు, ఎందుకు, అని తనను తానే అడుగుతాడు. జవాబుగా మెన్షియస్ మాట తలుచుకుంటాడు.

మెన్షియస్ క్రీ.పూ. నాలుగో శతాబ్దం నాటి ఆచార్యుడు. వరదలా పొంగే చీ ఒకటి నాలో ఉంది, దాన్ని నేను బాగా పెంచుకుంటాను అన్నాడాయన. అది ఏమిటి అని శిష్యుడు అడిగితే, చెప్పడం కష్టం అన్నాడు. నిజంగా అంతే అన్నాడు, చెప్పడం కష్టం అని! తర్వాత చెప్పాడు, న్యాయమైన పనులు పోగుపడితే అది పెరుగుతుందని, మనసుకు సరిపడని పని చేస్తే ఆకలితో మాడిపోతుందని. వెన్ తియెన్‌షియాంగ్ ఆ మాట పట్టుకుని అంటాడు, వాటి చీలు ఏడు, నా చీ ఒకటి, ఒకటితో ఏడింటిని ఎదుర్కొంటున్నాను, నాకేం భయం? అక్కడి నుంచి పద్యం మొదలవుతుంది. భూమ్యాకాశాల్లో సత్యమైన చీ ఒకటి ఉంది, కింద అది నదులూ కొండలూ అయింది, పైన సూర్యుడూ నక్షత్రాలూ అయింది.

నా మొదటి తర్జుమాలో నీటి దగ్గర చెమ్మ అని వేశాను. మట్టి దగ్గర వాసన. ఎండ దగ్గర ఉక్క. నిప్పు దగ్గర సెగ. బియ్యం దగ్గర ముక్క వాసన. మనుషుల దగ్గర కంపు, మలినం దగ్గర దుర్గంధం. ఆయన దగ్గరికి వచ్చేసరికి ధర్మతేజం అని రాశాను. తెలుగుగా చదివితే ఒక్కో మాటా బాగానే కుదిరింది. చాలా తృప్తిగా అనిపించింది. తర్వాతి వాక్యానికి వచ్చాను. ‘అవి ఏడు, నాది ఒకటి.’

ఏవి ఏడు? చెమ్మ, వాసన, ఉక్క, సెగ. వాటితో ధర్మతేజాన్ని ఎలా లెక్కపెడతారు? ఏడు ఎప్పుడవుతాయి, ఎనిమిది ఎప్పుడవుతాయి? ఒకటే జాతివి అయితేనే కదా లెక్క కుదిరేది! ఆయన ధైర్యం, ఆ ముక్కిపోయిన బియ్యం కంపు, రెండూ ఒకే రకం వస్తువులని ఆయన నమ్మాడు. అందుకే ఒకటి ఇంకోదాన్ని తోసేయగలదు. నేను మంచి తెలుగు కోసం ఆ గదిలో ఉన్న యుద్ధాన్నే తీసేశాను. ఆయనను 1283 జనవరిలో చంపేశారు. ఆ వాక్యం మాత్రం అప్పటికే రాసేశాడు.

కాగితం తీసి మొదటి నుంచి మొదలుపెట్టాను. చెమ్మ కొట్టేసి చీ అని రాశాను. వాసన కొట్టేసి చీ. ఉక్క కొట్టేసి చీ. అలా ఏడు. తర్వాత ధర్మతేజం అన్నదాన్ని చాలాసేపు చూశాను, ఎంతో కష్టపడి వెతికిన మాట. దాన్నీ కొట్టేశాను.